కూయని మీటరు

గాజువాక అవతల ఓ ఫౌండ్రీలో గ్యాస్ పైపులు బాగుచేసే తొమ్మిదిమందిదీ వేరే లోకం. ఫౌండ్రీలో అందరూ, వాసనలేని విషపు గ్యాస్ తగిలితే కూసే చిన్న మీటరు చొక్కాకి తగిలించుకుంటారు. వీళ్లూ తగిలించుకుంటారు, బ్యాటరీ పీకేసి. బ్యాటరీ పీకక ఎవడి మీటరైనా కూసిందా, వాడు ఆ రోజునుంచి పిరికి కోడిపిల్ల. చూసేవాళ్లు దీన్ని ఐకమత్యమని మెచ్చుకుంటారు. ఇరవయ్యేళ్ల కిందట ఓ భయస్తుణ్ణి ఏడిపించడానికి గ్యాంగు మేస్త్రీ గవర్రాజు మొదలెట్టిన ఆట ఇది.

సోమవారం అతని అల్లుడు గోపి ఈ గ్యాంగులో చేరాడు. మర్నాడే గోపి మీటరు కూసింది. మూడు రోజులు అందరూ కియ్‌కియ్‌మని వెక్కిరించారు. గవర్రాజూ నవ్వాడు.

శుక్రవారం పొద్దున్న పైపులోంచి గ్యాస్ కారుతోందని కబురొచ్చింది. నిచ్చెన దగ్గర గోపి మీటరులో దీపం లేదు.

"బ్యాటరీ ఏదిరా?"

"పీకేసినాను మావా. నీ అల్లుణ్ణి కానేటి?"

"మావ పర్మిషన్ ఇత్తేగానీ నిచ్చెన ఎక్కదేటి కోడిపిల్ల?" అన్నారెవరో వెనకనుంచి. ఎనిమిదిమందీ గవర్రాజు మొహంలోకే చూస్తున్నారు.

"ఎక్కు," అన్నాడు గవర్రాజు.

పైన స్పానర్ చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

"గోపీ," అని పిలిచాడు. పలకలేదు. గవర్రాజు నిచ్చెన పట్టుకుని, ఆ మీటరు కూత కోసం చెవులు రిక్కించాడు.