చదివానని చెప్పిన పడవ

నేను మొదటి వాచకం చదవలేదు. చూడకుండా అప్పజెప్పాను. ఆ సంగతి మా మేనత్తకు చెప్పకుండానే నలభై ఏళ్లు దాటించేశాను. పోయిన నెల మా పాప తన మొదటి పుస్తకాలు ముగించకపోయి ఉంటే ఇప్పటికీ చెప్పి ఉండేవాణ్ణి కాదేమో.

నెల్లూరులో మా పాపకు ఇంట్లోనే మా ఆవిడ చదువు చెబుతుంది. అందుకోసం పాఠాల పెట్టె ఒకటి తెప్పించింది. అందులో బొమ్మల అట్టలు, సన్నటి పుస్తకాలు, తెరవగానే కొత్త సిరా వాసన. చివరి పుస్తకాన్ని కూడా పాప గడగడా చదివేసిన రోజున, తరవాత ఏం తెప్పిద్దాం, కథల పుస్తకాలా, దీని తరవాతి పెట్టెనా అని ఆవిడ అడిగింది. నేను పేజీలోని బొమ్మను అరచేత్తో మూసి మళ్లీ చదవమన్నాను. పాప నోరు ఆగిపోయింది. అక్షరాల వైపు కాక నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

మా ఊరు పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద ఉండేది. శ్రీహరికోటలో రాకెట్ లేచిన పూట ఇంటి పెంకులు గలగలమనేవి, మిగిలిన రోజులన్నీ సరుగుడు తోటల హోరే. వానలు వెనకబట్టి చలి మొదలయ్యేసరికి సరస్సు నిండా ఎర్రకాళ్ల కొంగలు దిగేవి, వాకిళ్లలో రొయ్యలు ఎండేవి, మామిడి ఒరుగులు వేసిన చేపల పులుసు వాసన వీధి మలుపు దాకా వచ్చేది. గంగమ్మ కొలుపు నాడు బెల్లం పొంగలి ఆకుల్లో పెడితే, చేతులు కడుక్కోకుండానే గవ్వలాటకు పరిగెత్తేవాళ్లం. నాకు ఆయాసం ఉండేది. బడి నీళ్లకు అవతల, పడవ దాటి పోవాలి. అందుకని నాయన నన్ను ఇంట్లోనే ఉంచి, తన చెల్లెలికి అప్పగించాడు.

అత్తకు చిన్న వయసులోనే కళ్లకు పొర కమ్మింది. మనిషి ఉన్నట్టు తెలిసేది గానీ మొహం తెలిసేది కాదు. తను చదువుకున్న వాచకం మాత్రం ఆమెకు మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. నేను పేజీ తిప్పేవాణ్ణి, ఆమె ఒక వాక్యం చెప్పేది, నేను అనేవాణ్ణి. కొన్నాళ్లకు బొమ్మ చూస్తే చాలు, కింద ఉన్నదంతా నా నోట్లోంచి దానంతటదే వచ్చేది. అక్షరాల కేసి చూడాల్సిన అవసరమే రాలేదు. పుస్తకం అయిపోయిన నాడు నాయన ఊరందరికీ చెప్పుకున్నాడు. రెండో వాచకం తెస్తానన్నాడు. అత్త వద్దంది.

"పుస్తకం యాడికి పోద్దన్నా. ముందు బయట ఉండేవి చదవనీ. పడవల మీద పేర్లు ఉండ్లా?"

ఆమె ఆ దారి ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అంతకు ముందటేడు తుపానులో మామ చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. ఆయన పడవ పేరు గంగాభవాని. రోజూ పొద్దు వాలగానే అత్త నా భుజం పట్టుకుని సముద్రం ఒడ్డుకు నడిచేది, వచ్చే ప్రతి పడవ పేరూ అడిగేది. నేను చదివేవాణ్ణి. అంటే, రంగు చూసి, తెడ్డు వేసే మనిషి ఒంపు చూసి ఎవరి పడవో పోల్చుకుని పేరు చెప్పేవాణ్ణి. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆ ఏడు కొలుపు నాడు ఎవరూ వేటకు పోలేదు. పడవలన్నీ ఒడ్డునే బోర్లించి ఉన్నాయి. సందె వేళ మంచు దిగింది, డప్పులు ఆగిపోయాయి. ఆ మంచులోంచి ఒక పడవ ముక్కు కనబడింది. మాట లేదు, పాట లేదు, నీటిని కోస్తున్న చప్పుడు మాత్రం ఉంది. ఆ రంగు పడవ మా ఊళ్లో లేదు. మనిషి ఉన్నాడో లేడో తెలియలేదు. తెల్లటి అక్షరాలు మాత్రం దగ్గరగా, స్పష్టంగా ఉన్నాయి. అత్త వేళ్లు నా భుజంలో దిగాయి.

"ఎవరిదిరా అబ్బయ్యా? చదువు."

నాకు రాదు అనడానికి నోరు రాలేదు. ఆమె కోరుకునే పేరే బయటికి వచ్చింది. గంగాభవాని అన్నాను. ఆమె నడుము లోతు నీళ్లలోకి దిగిపోయింది. మగవాళ్లు పరిగెత్తుకొచ్చి లాగేసరికి అక్కడ పడవ లేదు.

మర్నాడు మామకు కర్మ చేసి అత్త గాజులు తీయించాలని అప్పటికే పెద్దలు అనుకుని ఉన్నారు. ఊరి పెద్ద నన్ను ముందు నిలబెట్టి, నిజంగా చదివినావా అని అడిగాడు. నాయన నాకంటే ముందు, వాడు పుస్తకం పూర్తి చేసినాడు అన్నాడు. నేను తల ఊపాను. కర్మ ఆగిపోయింది.

ఆ తరవాత అత్త ఒడ్డు వదలలేదు. కళ్లకు ఆపరేషన్ చేయిద్దామని నెల్లూరుకు రమ్మంటే, ఆ నాలుగు రోజుల్లో ఆయన వస్తే ఎట్టా అనేది. ఏళ్లు గడిచాక డాక్టర్లే, ఇప్పుడు పొర తీసినా చూపు రాదన్నారు. రాత్రుళ్లు వాకిట్లో ఒక కంచం పెట్టేది, తెల్లారేసరికి ఖాళీ. కుక్కలు తింటున్నాయని నాయన అనేవాడు గానీ, చీకటి పడితే కుక్కలు ఆ వాకిటి వైపు పోయేవి కావు. పడవల వాళ్లు కూడా సందె వేళ వెనక ఏదో చప్పుడైందని తల తిప్పి చూడడం మొదలుపెట్టారు. నా అబద్ధం ఊళ్లో నాకంటే నిక్కచ్చిగా బతికింది.

మొన్న పాపను తీసుకుని వెళ్లాను. సరుగుడు తోటలు కొట్టేశారు. పడవలన్నీ ఫైబరువే, పేర్ల కన్నా నంబర్లే పెద్దగా ఉన్నాయి. రొయ్యలు ఎండబెట్టే వాకిళ్లకు సిమెంటు వేశారు. అత్త మాత్రం గాజుల చేతులు ఒళ్లో పెట్టుకుని సముద్రం వైపే కూర్చుని ఉంది. పాప వేళ్లు తడిమి, ఏం చదువుతావుందిరా అని అడిగింది. ముందు బొమ్మలు మూసి, ఒక్కొక్క అక్షరం మళ్లీ చూపిస్తున్నాం, అది వచ్చాకే తరవాతి పుస్తకం అన్నాను. ఎందుకట్టా అంది. అప్పుడు చెప్పాను, మొదటి నుంచి.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. సముద్రం వైపే మొహం పెట్టి మెల్లగా అడిగింది.

"అట్టయితే, ఆ పొద్దు వచ్చింది ఎవరి పడవరా?"

"తెలీదత్తా. అప్పటికి నాకు చదవడం రాదు. రాదని నీకు చెప్పుండాల్సింది. నన్ను క్షమించు."