గల్లీ చివరి నల్లా

మా వార్డు కమిటీలో జీతం లేదు, అధికారం లేదు. మున్సిపాలిటీకి సలహా చెప్పడమే పని. నన్ను వయసులో పెద్దవాళ్ల తరఫున వేశారు. మూడు నెలలకోసారి కమ్యూనిటీ హాలులో కూర్చుంటాం. తీరా వెళ్తే తీర్మానం ముందే రాసి ఉంటుంది. రిజిస్టరూ చాయ్ కలిసే వస్తాయి. ఒక చేత్తో గ్లాసు అందుకుని ఇంకో చేత్తో సంతకం పెట్టడం మావాళ్ల ఆచారం. దాని మీద నాకు ఇప్పటికీ మంటే.

నేను బడికి పోలేదు. కరీంనగర్ బస్టాండులో పల్లీలు అమ్ముతూ బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. పెద్దపల్లి బోర్డులోని ఒత్తులు పట్టుబడేసరికి ఒక ఎండాకాలం గడిచింది. అంత కష్టపడి నేర్చుకున్నది చాయ్ చల్లారుతుందని వదిలేయాలా?

ఆ రోజు రిజిస్టరు నా దాకా వచ్చేసరికే చాలామంది సంతకాలు పడ్డాయి. నేను గట్టిగా చదివాను: "ఇంటింటికీ నల్లాలు వచ్చినందున, వార్డు ప్రజల కోరిక మేరకు, గల్లీ చివరి నల్లాను తొలగించాలి."

మహిళల తరఫున వచ్చిన బీడీలు చుట్టే ఆమె గ్లాసు కింద పెట్టింది. "గా నల్లా దగ్గర్నే గదా నేను నీళ్లు పట్టేది కాకా."

ఆమెది కిరాయి గది. ఇంటాయన లోపలి నల్లా ముట్టనియ్యడు. ఇది పోతే బిందెతో పెద్ద రోడ్డు దాటాలి.

"మొదటి సంతకం ఎవరిదో చూడు బిడ్డా" అన్నాను.

ఆమెదే. కింద గీత కూడా గీసింది.

"నీ నల్లా నువ్వే పీకుకున్నవ్" అంది పక్కనామె. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ కళ్లు రిజిస్టరు మీదే ఉన్నాయి.

తీర్మానం రాసి తెచ్చిన వార్డు ఆఫీసరు పరేషాన్ అయ్యాడు. "సంతకాలైనయి పెద్దాయనా. కొట్టేస్తే పైన అడుగుతరు."

"కొట్టెయ్యకు సారూ. కింద ఇంకోటి రాయి. ప్రజల కోరికంటివి, ప్రజలం ఈడనే ఉన్నం."

నల్లాను యథాతథంగా ఉంచాలని రాశాడు. రిజిస్టరు మళ్లీ తిరిగింది. మళ్లీ ఎవరూ చదవరు, చకచకా సంతకాలు. నాకు ఒళ్లు మండింది.

"జర చదువుండ్రి."

"నువ్వు చూసినవ్ గద కాకా, ఇగ మాకేం ఫికర్" అన్నాడు మగ్గాలు నడిపే ఆయన.

ఆమె మాత్రం రిజిస్టరు ఒళ్లోకి లాక్కుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరమే చదివింది. 'యథాతథంగా' దగ్గర ఆగింది. "గిదేంది?"

"ఎట్లున్నదో అట్లనే."

"గట్లయితే నేను సంతకం పెట్ట. దాని పిడి ఇరిగి ఏడాదాయె, కట్టెపుల్ల కుక్కి ఆపుతున్న. కొత్తది పెట్టాలెనని రాయి సారూ."

రాశాక, అదీ చదివి, సంతకం పెట్టింది.

కొన్నాళ్లకు కొత్త నల్లా బిగించారు. నాకు పనేమీ లేదు, అయినా చూడ్డానికి వెళ్లాను. ఆమె బిందె పెట్టి, "తిప్పు కాకా" అంది. తిప్పాను. నీళ్లు జోరుగా వచ్చి, బిందె అంచుకు తగిలి, నా చొక్కా అంతా తడిపేశాయి. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం, బిందె నిండి పొర్లేదాకా.