తూము దగ్గర విప్పే జోడు

నా పాత చెప్పుల జోడు తెగిపోయింది పద్దెనిమిది వందల తొంభై మూడులో, మార్చి నెలలో. పాలకొల్లు కాలవ గట్టు మీద, లాకులు దాటాక. ఎడమదాని ఉంగటం, అంటే బొటనవేలు దూరే తోలు చుట్ట, కింది అట్ట ముక్కతో సహా ఊడి వచ్చింది. గట్టు మీద కూర్చుని రెండూ ఒళ్లో పెట్టుకుని చూశాను. అప్పటికే అట్టలు రెండుసార్లు మార్పించాను, పట్టీ ఒకసారి. మొదట కుట్టిన తోలులో మిగిలింది నా అరచేతి పాటి కూడా లేదు.

ఆ జోడు కుట్టింది మా మేనమామ. మేమంతా క్రైస్తవంలో కలిసినా ఆయన తోలు పని మానలేదు. నాకు పెళ్లయిన రెండో ఏడు భర్త పోయాడు. మిషను దొరసానిగారు నాకు లేసు అల్లిక నేర్పించి, ఊళ్లలో ఆడవాళ్లకు నేర్పే పనిలో పెట్టారు. నాలుగు ఊళ్లు. దారం ఇచ్చి రావాలి, అల్లిన లేసు తేవాలి. ఆ నడక ఒక్కటే నాది. మిగతాదంతా మిషను గోడ లోపలే. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, దీపాలు పెట్టకముందే గేటుకి తాళం. నడవలేని మనిషిని కుట్టు గదిలో కూర్చోబెట్టేవారు. నాకు ముందు ఈ పని చేసిన ముసలామె మోకాళ్లు పట్టేశాక ఆ గదిలోకి వెళ్లింది, పోయేదాకా మళ్లీ కాలవ మొహం చూడలేదు. అందుకే గట్టు మీద ఆ చెప్పు చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి.

ఇంకో చెప్పు కొనుక్కుంటే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. సరిపోదు. నా నాలుగు ఊళ్లలో ఒక ఊళ్లో పెద్ద రైతుల వీధి ఉంది. వీధి మొదట్లో, చేలకు నీళ్లు పారే పంటబోదె మీద చిన్న తూము. మా పేటవాళ్లు అక్కడ చెప్పులు విప్పి, చేత పట్టుకుని వీధి దాటాలి. అలాగని ఎక్కడా రాసి పెట్టలేదు. ఎవరూ చెప్పరు కూడా. అమ్మ వెంట మొదటిసారి నడిచిన నాటి నుంచి మా కాళ్లకు తెలుసు. మామయ్య ఆ తూముని మనసులో పెట్టుకునే నా జోడు కుట్టాడు. వంగక్కర్లేదు, కాలు ఒకసారి విదిలిస్తే ఊడేది. చప్పుడు ఉండేది కాదు. కొత్త చెప్పు కిర్రుమంటే మగాళ్లకు గొప్ప. తూము దాకా వినపడే కిర్రు నాకెందుకు? మామయ్య తోలుకి ఆముదం పట్టించి పట్టించి మెత్తబరిచి ఇచ్చాడు.

ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. ఆయన కొడుకు, నాకు మరిది, ఎడ్ల మెడకు కట్టే పట్టెడలు కుట్టేవాడు. తెగిన జోడు వాడి ముందు పెట్టాను.

"ఇది చెప్పా వదినా? చెప్పు శవం. కొత్తది కుడతాను, సంతలో నలుగురూ తిరిగి చూసేలా కిర్రు పెట్టి."

"కిర్రు వద్దు."

"కిర్రు లేకపోతే నేను కుట్టానని ఎవరికి తెలుస్తుంది?"

వాడు కుట్టిన జోడు వేలి దగ్గర బిగుతు, మడమ దగ్గర వదులు, అడుగడుక్కీ అరుపు. ఆముదం పోస్తే అరుపు మారింది గాని తగ్గలేదు. పాలకొల్లు సంతలో మరో మూడు జోళ్లు వేసి చూశాను. ఒకటి పట్టీ కోసేది, ఒకటి తడిస్తే సాగేది, మూడోది హాయిగా ఉంది గాని పట్టీకి ఇనప బకిలీసు పెట్టి బిగించేది. అది విప్పాలంటే తూము మీద కూర్చోవాలి. అన్నీ వదిలేసి వట్టికాళ్లతో నడిచాను. రెండో వారం గట్టు మీద తుమ్మముల్లు మడమలో విరిగింది. చీము పట్టింది.

కుంటుతుంటే దొరసానిగారు చూశారు. లోపలికి వెళ్లి ఒక జత బూట్లు తెచ్చారు. నల్లటివి, చీలమండ దాకా ఉన్నవి, తాళ్లు కట్టుకునేవి. ఆ తాళ్లనీ ఇంగ్లీషులో లేసు అనే అంటారట. మేం వేళ్లతో అల్లేదానికీ, కాళ్లకు కట్టేదానికీ ఆ భాషలో ఒకటే మాట.

"ఇవి నీ నిమిత్తము," అన్నారు ఆవిడ. ఆవిడ తెలుగు పుస్తకంలో ఉన్నట్టే ఉండేది. "నీవు ఇకమీదట ఏ వీధిలోనూ వట్టి పాదములతో నడువకూడదు. ఆ వీధిలో కూడా. తెలిసినదా?"

"ఆ వీధిలో కుదరదండి అమ్మగారూ."

"కుదరని యెడల నీవు లోపలనే ఉండుము. కుట్టు గదిలో పని ఉన్నది."

మంచి మనసుతోనే అన్నారు. ఇటు ఆవిడ మాట, అటు తూము. మధ్యలో నా కాళ్లు.

మర్నాడు బూట్లు వేసుకుని బయల్దేరాను. మడమకు మెత్తగానే ఉంది, ఒప్పుకోవాలి. కాని వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కాలు పెట్టెలో పెట్టి మూత వేసినట్టుంది. దారిలో మురుగునీళ్ల కోడులో దిగి దాటినప్పుడు తాళ్లు తడిశాయి. దొరసానిగారి మాట ఎలా ఉన్నా, వీధి మొదట్లో విప్పేద్దామనే నా ఆలోచన. తూము దగ్గర వంగి చూస్తే ముడులు ఉబ్బి గట్టిపడ్డాయి. గోళ్లతో రాలేదు. పళ్లకు అందవు. విప్పకుండా ముందుకు పోలేను. వెనక్కి పోతే లేసు రాలేదని కుట్టు గది. తూము మీద చతికిలబడి, సంచిలోంచి లేసు అల్లే కొంకిసూది తీసి ముడిలో పెట్టి లాగడం మొదలుపెట్టాను.

మొదటి ఇంటి అరుగు మీద ఆ ఇంటి పెద్దమ్మగారు చింతపండు గింజలు తీయిస్తున్నారు. ఆవిడ కోడలే నా దగ్గర అల్లిక నేర్చుకునేది.

"ఏంటే పంతులమ్మా, కాళ్లకి కూడా లేసు అల్లుకుంటున్నావా?"

"విప్పుతున్నానండి అమ్మగారూ. ముడి రావట్లేదు."

"ఎవరు కట్టమన్నారే నిన్ను? గొడ్డుకైనా పలుపు విప్పుకునేట్టే కడతాం."

చింతపండు దగ్గరున్న ఆడవాళ్లు నవ్వారు. కుడికాలి ముడి వచ్చింది. ఎడమది లాగుతుంటే కొంకి విరిగింది.

"ఒకటి వచ్చిందిగా," అన్నారు పెద్దమ్మగారు, "ఆ కాలొక్కటీ పంపించు, రెండోది అక్కడే ఉంచు."

నాకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఒక కాలికి బూటు, ఒక కాలు వట్టిది. బోదె వెంబడి చేల గట్టున చుట్టూ తిరిగి వాళ్ల దొడ్డివైపు వెళ్లాను. మొదటి ఇల్లు కాబట్టి ఆ దారి ఉంది, మిగతా ఇళ్లకు వీధి దాటాల్సిందే. ఎప్పుడూ ఆ ఇంటి పాఠం అక్కడే. కోడలు గుమ్మం లోపల, నేను బయట పేడకుప్ప పక్కన. ఆ పిల్ల కాపురానికొచ్చి నాలుగేళ్లు, ఆ గుమ్మం దాటగా నేను చూడలేదు. నా కాలు చూసి తన దారం కత్తెర తెచ్చి గడప బయట నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. నేను తీసుకుని తాడు కోశాను. బూటు ఊడింది.

"ఇవేసుకుంటే ఎంత దూరం పోవచ్చు పంతులమ్మా?"

"నరసాపురం దాకా పోవచ్చండి."

"ఎక్కడా విప్పకుండానా?"

ఆ పిల్ల కాళ్లు చూశాను. మడమలు పసిపిల్ల మడమల్లా ఉన్నాయి, ఒక్క పగులు లేదు.

తిరిగొచ్చేప్పుడు బూట్లు మరిదికి ఇచ్చాను. "వెనక భాగం కోసెయ్. పైది కోసెయ్. అట్ట మాత్రం ఉంచి దాని మీద మీ నాన్న పద్ధతిలో పట్టీ కుట్టు." వాడు బూటు అటూ ఇటూ తిప్పి, "దొరల సీమ తోలు వదినా, పాపం," అన్నాడు గాని కోశాడు. పాత జోడులో చెడని కుడి ఉంగటం విప్పి ఒకదానికి పెట్టాడు, రెండోదానికి కొత్తది. వేసుకుని నడిచాను. మడమ ఆనింది, వేళ్లు విడివిడిగా పడ్డాయి. విదిలిస్తే ఊడింది. చప్పుడు లేదు.

దొరసానిగారు వంగి, కోసిన అంచు మీద వేలు పెట్టి చూశారు. "ఇవి మా ఊరి స్త్రీలు పంపినవి," అన్నారు. తర్వాత, "ఆ వీధిలో వీటిని ధరింతువా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. "ఆ వీధిలో చేతిలో ఉంటాయండి," అన్నాను.

ఆ వానాకాలమంతా కుట్టు గదిలోనే ఉన్నాను. కిటికీ ఎత్తు మీద ఉండేది, నిలబడితే గోడ పైభాగం కనిపించేది. జోడు బల్ల కింద పెట్టుకుని, ఎండిపోకుండా ఆదివారం ఆదివారం ఆముదం రాసేదాన్ని. నవంబరులో ఆ ఊళ్ల నుంచి లేసు రావడం పూర్తిగా ఆగిపోయింది. నా బదులు పంపిన పిల్ల గట్టు మీద నడవలేనంది. దొరసానిగారు కుట్టు గది గుమ్మంలోకి వచ్చి దారం సంచి నా చేతికిచ్చారు. వీధి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ జోడుతో నేను ఇంకా పదకొండేళ్లు నడిచాను. కాళ్లకు అంత హాయైనది మళ్లీ దొరకలేదు. ఒక్కటే, అది మామయ్య జోడు కంటే బరువు. గట్టు మీద ఎంత నడిచినా ఆ బరువు తెలిసేది కాదు. తూము దగ్గర విదిలించి చేతిలోకి తీసుకున్నాక, ఆ వీధి చివరిదాకా తెలిసేది.