అమ్మకు చేతకాని పనులు

ఒక వేసవిలో అమ్మ బాత్రూంలో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేశాక ఎముక బాగానే అతుక్కుందన్నారు డాక్టరు. కానీ అబిడ్స్ సందులో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి, నాంపల్లిలో మా ఇంట్లో గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

నేను కోఠిలో టీచర్ని. పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం గాని రాను. అందుకని రెండు ఏర్పాట్లు చేశాను. వారానికి మూడు రోజులు పొద్దున పూట మా వీధి చివర, పెద్దవాళ్లు పగటిపూట కలుసుకునే సీనియర్ సెంటర్. మిగతా వేళల్లో ఇంట్లో తోడుగా ఒకావిడ. నలభై దాటిన మనిషి, పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చింది. అమ్మను సెంటర్లో దింపి, ఒంటిగంటకు మళ్లీ తీసుకొచ్చేది. ఏర్పాట్లు చేయడంలో నేను దిట్టనని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

ఆవిడ అమ్మను కంటికి రెప్పలా చూసుకుంది. అన్నం కలిపి ముద్దలు పెట్టేది. తల దువ్వేది. మూడు నెలలకు అమ్మ మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తడం మానేసింది. "చేతనైత లేదు బిడ్డా" అనేది. మళ్లీ దవాఖానకు తీసుకెళ్లాను. చేతిలో లోపమేమీ లేదన్నారు.

ఒకరోజు పరీక్షలని బడి మధ్యాహ్నానికే అయిపోయింది. అమ్మను నేనే తీసుకొద్దామని సెంటర్‌కు వెళ్లాను. లోపల పొడవాటి బల్ల మీద ఎర్రటి అస్తరు గుడ్డ పరిచి ఉంది. అమ్మ పెద్ద కత్తెరతో చకచకా కత్తిరిస్తోంది. పక్కనున్న ముసలావిడ మీద కసురుకుంటోంది కూడా. "గట్ల గుంజకు! గీడ పట్టుకో, జర వదులుగ!"

నన్ను చూసి కత్తెర కింద పెట్టేసింది. ఇంటికొచ్చి కూర్చున్నాక అడిగాను.

"ఏందమ్మా ఇది? అక్కడ కత్తెర పడ్తవు, ఇక్కడ గ్లాసు పట్టవా?"

అమ్మ వంటింటి వైపు చూసింది. ఆవిడ లోపల గిన్నెలు సర్దుతోంది.

"మెల్లగ మాట్లాడు. నేను మంచిగయితే ఆమెను పంపిస్తవు. ఫోన్ల చెల్లెకు చెప్పంగ విన్న. ఆమె పోతే మిగిలిన పొద్దంతా ఎవరితోని మాట్లాడాలె నేను?"

ఆ మాట నేను అన్నదే. అమ్మ కోలుకునేదాకే ఈ మనిషి అని చెల్లెలికి చెప్పాను. ముద్దలు పెట్టడానికి కాదు, మాటలకే అమ్మకు మనిషి కావాలని నాకు తట్టనే లేదు. సిగ్గేసింది. కానీ నాకు సిగ్గు ఎక్కువసేపు ఉండదు, వెంటనే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది.

ఆవిడను పిలిచి కూర్చోబెట్టాను. జరిగిందంతా చెప్పి, "అమ్మకు బాగైనా నువ్వు ఉంటావు. నీ పని ఆమెకు తోడుండడమే, ఆమె పనులు చేయడం కాదు" అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "మూడు నెల్ల సంది ఉత్తగనే ముద్దలు పెట్టించుకున్నవా అమ్మా?"

"నువ్వు కలిపితే రుచిగుండె" అంది అమ్మ.

ఆవిడ నవ్వేసింది. అమ్మా నవ్వింది.

ఆ మర్నాటి నుంచి ఆవిడ అమ్మను దింపి వచ్చేయకుండా సెంటర్లోనే కూర్చుని అమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంటోంది. అక్కడ మొదలైన కుట్టు ఇంటికొచ్చాక మధ్యాహ్నాలు సాగుతుంది. అటక మీది అమ్మ కుట్టుమిషను దింపించాను. బేగం బజార్ నుంచి దారపు ఉండలు తెచ్చుకున్నారు. ఆవిడ కుట్టిన జాకెట్టు చంకను అమ్మ విప్పి పారేస్తుంది. ఆవిడ గొణుక్కుంటూ మళ్లీ కుడుతుంది. ఈ మధ్యనే తన జాకెట్టు తనే కుట్టుకుంది.

అమ్మకు ఇప్పుడు నిజంగా చేతకానివేవో తనే చెప్తుంది. కుక్కరు మూత తిప్పలేదు. నిండు బకెట్ ఎత్తలేదు. ఆ రెండూ మేం చూసుకుంటాం.