కాలని రాయి

నరసరావుపేటలో సున్నం కొట్టు నడిపే బాలకోటయ్య పరీక్ష చేయకుండా ఎవరికీ సరుకు ఇవ్వడు. బుట్టలోంచి ఒక గడ్డ తీసి, మట్టి మూకుడులో వేసి, నీళ్ళు పోస్తాడు. అది బుసకొట్టి, పొగలు కక్కి, పొంగి విచ్చుకుంటేనే తూకం. విచ్చుకోలేదంటే బట్టీలో సరిగా కాలని రాయి, బజారులోకి విసిరేస్తాడు. అరవై దాటాక ఆయనకు ఎస్పెరాంతో పిచ్చి పట్టుకుంది. ఏ దేశానిదీ కాకుండా, అందరికీ పనికొస్తుందని ఒకాయన కూర్చిన భాష అది. అందులో ఏ మాటైనా ఎక్కడి నుంచి తెచ్చారో తేలందే బాలకోటయ్య వాడడు; ఫోన్‌లో చూసింది నమ్మడు. "నువ్వేం అమ్ముతావు?" అని హంగరీ మిత్రుడొకడు ఆ భాషలో మెసేజ్ పెట్టి పది రోజులైంది. సున్నాన్ని "కల్కో" అంటారని తెలుసు. మూలం తెలియదు.

"ఏం అమ్ముతావంటే ఇన్నాళ్ళు నోరు మెదపకపోతే ఏదో దొంగసరుకు అనుకోడా ఏంది?" అంది భార్య సుశీల.

"కాలని రాయి అంటగట్టమంటావా?" అన్నాడాయన.

ఎస్పెరాంతోలో చాలా మాటలకు మూలం లాటినేనని ఆయన తెప్పించిన లావుపాటి నిఘంటువు మర్నాడు పోస్టులో వచ్చింది. కళ్ళజోడు నుదుటికెత్తి, పేజీకి ముక్కు ఆనించి వెతికాడు. "కాల్క్స్": రాయి, సున్నం. నలభై ఏళ్ళుగా తాను విడదీస్తున్న రెండింటికీ అక్కడ ఒకటే మాట! కొట్టులో ఒక్కడే చానాసేపు నవ్వుకున్నాడు. హంగరీకి జవాబు పెట్టాడు.

"మాట పొంగిందా?" అడిగింది సుశీల.

"పొంగింది."

సాయంత్రం ఒక గడ్డ ఎంత తడిపినా విచ్చుకోలేదు. చెయ్యి ఎత్తాడు గానీ విసరలేదు. పంచెతో తుడిచి, ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్న నిఘంటువు మీద పెట్టాడు.