డబ్బాలో తెచ్చిన నలికిరి

సునామీ తర్వాత అండమాన్‌లో నలికిరి జాతిని మళ్లీ నిలబెట్టింది నేనే. వందల కొద్దీ మోసుకొచ్చి వదిలాను.

బ్రూక్షాబాద్‌లో మా ఇల్లు పల్లంలో ఉండేది. ఉప్పునీళ్లు పెరట్లోంచి కదలడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ మిట్ట మీది బెంగాలీ దీదీ మాకో గది ఇచ్చి, తమ గంజిలోనే మాకూ ఇంత పోసింది. ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే ఆమె గుర్తొస్తుంది.

నీళ్లు తీశాక ఇల్లు కడిగాం. గోడలు గట్టిగానే ఉన్నాయి. మా ఆవిడ మాత్రం గడప తొక్కనంది.

"ఆ మట్టిలో పురుగే బతకట్లేదు. మనమేటి బతుకుతాం?"

నిజమే. మా వైపు కొబ్బరి మొదళ్లలో చెమ్మ నిలవడానికి కాయ ఒలిచిన పీచు డొక్కలు బోర్లా పరుస్తారు. మునుపు వాటి కింద నలికిరులు ఉండేవి. వేలెడు పొడవు, పాము నునుపు, పేరుకు నాలుగు కాళ్లు. పొద్దున్నే ఎండ కాగి, చెదపురుగులు ఏరుకుని తినేవి. ఉప్పు చెదల్ని చంపింది, వాటితో ఇవీ పోయాయి.

ఉప్పు కడుక్కుపోతుందేమోనని దీదీ గదిలోనే రెండు వానకాలాలు చూశాను. సొంతింట్లో పడుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఒకరోజు పాలపొడి డబ్బా పట్టుకుని, నలికిరుల కోసం ఉప్పు తగలని దీదీ తోటలో దూరాను.

"క్యా భయ్యా, నా వంట నచ్చడం లేదా? ఛిప్‌కలీ పట్టుకుంటున్నారు!" అంది దీదీ.

వందలన్నాను కదా, దొరికింది ఒక్కటి. దాని తోక నా వేళ్లలోనే ఊడిపోయి గిలగిల్లాడుతుంటే నేనే కెవ్వుమన్నాను. ఆ మొండిదాన్నే మా పెరట్లో వదిలి, ఆవిడను కేకేసి చూపించాను. మర్నాడు గిన్నెలు సర్దుకుని ఇంటికొచ్చేసింది.

ఇది నా ఘనతగా ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకున్నాను. మొన్న దీదీ వరండాలో మళ్లీ మొదలుపెట్టాను. బచ్చలి తుంచుతున్న మా ఆవిడ తలెత్తకుండానే అంది:

"ఆపండి బాబూ. ఆ మొండిదాన్ని సూసి నాను రానేదు. దీదీ తన తోటలో సెదలు పట్టిన డొక్కలు గంపలతో మోసి మన సెట్ల కింద పరిసింది. మీరు డబ్బా పట్టడానికి నాలుగు దినాల ముందే వాటికింద నలికిరి గుడ్లు సూసినాను, పక్కన తల్లి కూడా ఉంది. మూట అప్పుడే కట్టీసినాను. ఇకనుంచి ఆ కథ దీదీ పేరున సెప్పండి."