నాన్న కట్టని డ్యాము

మొన్న సాయంత్రం మా పక్క వాటాలో అద్దెకుండే అమ్మాయి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, లోపల ఇంకెవరూ లేరని చూసుకుని, "పెద్దమ్మా, మా చంటోడు అడిగితే వాళ్ళ నాన్న దుబాయ్‌లో ఉన్నాడని చెప్పండి" అంది. వాళ్ళాయన ఏదో కేసులో జైలుకు వెళ్ళాడని నరసరావుపేటలో మా వీధి వీధంతా ఎరుగును. తెలియనిది ఆ నాలుగేళ్ళవాడికి ఒక్కడికే. సరేనని తలూపాను గాని, ఆ పిల్ల వెళ్ళాక చాలాసేపు కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయాను. అరవై ఏళ్ళ కిందట మా అమ్మ కూడా ఇలాగే ఇల్లిల్లూ తిరిగింది. అప్పట్లో మా వాళ్ళకు దుబాయ్ తెలియదు కాబట్టి మా నాన్నను సాగర్ డ్యాముకు పంపారు.

మాచర్లకు దగ్గర్లో మా ఊరు. మా చేనుకూ పక్క చేనుకూ మధ్య గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉండేది. దాని కింద మేక నిలబడితే తోక ఎండలోనే ఉండేది, అంతటి నీడ దానిది. ఆ చెట్టు మాదంటే మాదని మా నాన్నా, పక్కచేను మామా మాటా మాటా అనుకుని, చివరికి మా నాన్న కర్ర తీసి ఆయన కుడి మోచెయ్యి విరగ్గొట్టాడు. మా నాన్నకు కోపం రావడానికి క్షణం పట్టేది కాదు, బుద్ధి రావడానికి మాత్రం ఈసారి జడ్జిగారు తీర్పు చదివేదాకా పట్టింది. రెండేళ్ళు శిక్ష వేసి రాజమండ్రి జైలుకు పంపారు. నాకప్పుడు ఆరేళ్ళు. కేసు నడిచినన్నాళ్ళూ నన్ను కారంపూడిలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో నాన్న లేడు. డ్యాము కట్టే పనికి పోయాడని చెప్పారు.

అబద్ధం ఒకరి నోట్లో ఉన్నంతసేపు చిన్నదే, ఊరి నోట్లో పడితేనే పెరుగుతుంది. నాన్న రాళ్ళు మోస్తున్నాడని నాయనమ్మ చెప్పింది. కాదు, మేస్త్రీ అయ్యాడని కొట్టాయన చెప్పాడు. నది నడిమధ్య గోడంతా మీ నాయన చేతిమీదుగానే లేస్తోందని మా బళ్ళో పంతులుగారు, పాపం, నన్ను సంతోషపెట్టడానికి చెప్పారు. ఏడాది తిరిగేసరికి మా నాన్న లేకపోతే కృష్ణమ్మ ఆగదన్నంత దూరం వెళ్ళింది వ్యవహారం. నేను బళ్ళో పలకా బలపం పక్కన పెట్టి ఇవే గొప్పలు. అమ్మ రెండు మూడు నెలలకొకసారి మూట కట్టుకుని వెళ్ళి వచ్చేది. నేనూ వస్తానని దొర్లి దొర్లి ఏడిస్తే, "ఆడ రాళ్ళు పేలుస్తారే, పిల్లల్ని రానీరు" అనేది. వెళ్ళొచ్చిన రోజున అన్నం తినేది కాదు. నాన్న ఏం పంపాడని నేను మూట విప్పి వెతికేదాన్ని.

అమ్మ ఊళ్ళో ఒక్క గడప మాత్రం తొక్కలేదు, అది దెబ్బతిన్న మామ గడప. ఆ ఇంటితో మాకు మాటల్లేవు. ఎందుకో అప్పటికి నాకు తెలియదు. ఆయన చెయ్యి వంగదేమని అడిగితే చింతచెట్టు మీంచి పడ్డాడన్నారు. ఆ చేత్తో మేడి పట్టలేక ఆయన సేద్యం మానేసి, ఊళ్ళో కూరగాయలు కొని సాగర్‌లో కూలీలుండే చోట అమ్ముకునేవాడు. నోరు మూసుకోమని ఆయన్ను ఎవరూ అడగలేదు. అయినా ఏడాదిగా ఆయనా నోరు మెదపలేదు. ఆ సంగతి నాకు ఎంతో పెద్దయ్యాక గాని తట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే, ఆయన కూరగాయలు వేసుకెళ్ళే లారీ ఊరి మొదట్లో ఆగినప్పుడు, నేను వెనక నుంచి ఎక్కి దోసకాయల గంపల మధ్య నక్కి కూర్చున్నాను. మామ ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. సాగర్‌లో గంపలు దించబోయి నన్ను చూసి నిలువునా కొయ్యబారిపోయాడు. "ఏందే, నువ్వెప్పుడెక్కావ్?" అన్నాడు. "మా నాయన్ని చూసి పోతా" అన్నాను. మాచర్ల బస్సెక్కుతున్న మా ఊరాయనతో పిల్ల తన దగ్గరే ఉందని అమ్మకు కబురంపి, చేసేదిలేక నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

తిరునాళ్ళలో కూడా అంతమంది జనాన్ని నేను చూడలేదు. పరంజాల మీద పైనుంచి కిందిదాకా మనుషులే, అందరి నెత్తినా తట్టలే. కనిపించిన ప్రతివాణ్ణీ పట్టుకుని మా నాన్న ఏడీ అని అడిగాను. ఎట్టా ఉంటాడని అడిగితే, మీసాలుంటాయని చెప్పాను. "ఈడ అందరికీ మీసాలే పాపా" అని నవ్వారు. మధ్యాహ్నమైంది. కాళ్ళు బొబ్బలెక్కాయి. మామ సోడా కొనిపెట్టినా తాగలేదు. ఒక రాళ్ళగుట్ట పక్కన చతికిలబడి, నాన్న వచ్చేదాకా కదిలేది లేదన్నాను. మామ నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ చుట్టుకున్నాడు, మళ్ళీ విప్పాడు.

"మీ నాయన ఈడ లేడే అమ్మాయ్. రాజమండ్రి జైల్లో ఉన్నాడు. ఈ చెయ్యి విరగ్గొట్టింది ఆయనే. అందుకే ఆడ పెట్టారు" అన్నాడు.

నేను ఏడవలేదు. ఆ చేతివంక చూశాను. చింతచెట్టు మీంచి పడలేదా అన్నాను. లేదన్నాడు. నాన్న ఇంకెప్పటికీ రాడేమోనన్నదే నా భయం. అది అడిగాను. "ఎందుకు రాడూ, వచ్చే ఏడు ఈపాటికి ఇంట్లో ఉంటాడు" అన్నాడు. అప్పుడు కొంచెం ధైర్యం వచ్చి, మా నాన్న చెడ్డవాడా అని అడిగాను. మామ కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. "ఆ రోజు ఇద్దరం చెడ్డోళ్ళమే. ఆయన చేతికి కర్ర దొరికింది, నా చేతికి దొరకలా. అంతే తేడా" అన్నాడు. ఆ తరువాత సోడా తాగాను. కూరగాయలు వాడిపోయాయి గాని ఆ రోజు ఆయన వాటి మొహం చూడలేదు.

పొద్దుగుంకేవేళకు ఇల్లు చేరాం. అమ్మ వీధిలోనే నిలబడి ఉంది. మామ మా వాకిలి బయటే ఆగి, "చెప్పేశా చెల్లెమ్మా. తిట్టేదుంటే నన్ను తిట్టు, పిల్లను కొట్టమాక" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మా వైపు పగ ఉన్న ఇళ్ళ మధ్య మంచినీళ్ళు పుట్టవు. ఆయన ఎడమచేత్తో అందుకుని గుక్క తిప్పుకోకుండా తాగి, చెంబు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ నన్ను పక్కలో వేసుకుని ఏడ్చింది. భారం దిగిన ఏడుపని ఇప్పుడు తెలుస్తోంది.

తరువాతి నెల అమ్మ నన్నూ రాజమండ్రి తీసుకెళ్ళింది. ఊచల అవతల నన్ను చూడగానే నాన్న మొహం గోడవైపు తిప్పుకుని, "దీన్నెందుకు తెచ్చావే" అన్నాడు అమ్మతో. "మామ నాకంతా చెప్పాడు నాయనా" అన్నాను. ఎంతసేపటికీ ఆయన ఇటు తిరగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. చివరికి, "చెయ్యి ఎట్టా ఉందంట?" అని గోడనే అడిగాడు. వంగట్లేదని చెప్పాను. అప్పుడు తిరిగి, ఊచల సందులోంచి వేళ్ళు పెట్టి నా బుగ్గ తాకాడు. నేను ఆ వేళ్ళు పట్టుకుని వదల్లేదు. వార్డరు పిలిచినా వదల్లేదు.

జైలు నుంచి వచ్చాక నాన్న ఇంకా ముప్ఫయ్యేళ్ళు బతికాడు. అన్నేళ్ళలోనూ నా ముందు ఆయన ఏదీ దాచుకోవాల్సిన పని పడలేదు. శిక్ష రెండేళ్ళే, అందులో నాకు తెలియకుండా గడిచింది ఒక ఏడాది, తెలిసి గడిచింది ఒక ఏడాది. రెండూ అవే పన్నెండు నెలలు. అయినా ఈ వయసులో వెనక్కి తిరిగి చూసుకుంటే, నాన్న ఎప్పుడొస్తాడో తెలియని ఆ మొదటి ఏడాదే ఎంతకీ తరగనిదిగా కనిపిస్తుంది. పక్క వాటా చంటోడికి ఇప్పుడు నడుస్తున్నది ఆ ఏడాదే.